కప్పు పట్టుకున్న ఫోటో ఉంది, ఆట ఫోటో ఏది?

ఈరోజు ఎపిసోడ్ ఒక పాత ఫోటోతో మొదలుపెడదాం. వీడియో చూసినవాళ్లకు స్క్రీన్ మీద కనిపించే ఉంటుంది. ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను.

నలుపు తెలుపు ఫోటో. ఎనిమిది మంది కుర్రాళ్లు, నిక్కర్లు, బనియన్లు. కొందరి కాళ్లకు బూట్లున్నాయి, కొందరికి లేవు. మధ్యలో ఒక కుర్చీ, అందులో తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన. ఆయన ఒళ్లో కప్పు. వెనక బడి గోడ. ఫోటో వెనక ఇంకు పెన్నుతో "1987" అని రాసుంది. ఎడమవైపు చివర్లో, సగం భుజం ఫ్రేము బయటికి పోయినవాడు మా చిన్నాయన. ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి వాలీబాల్ టీమ్ అది. స్మాష్ కొట్టేది మా చిన్నాయనే. ఆయన ఎగిరితే నెట్ నడుము దగ్గరికి వచ్చేదని ఊళ్లో ఇప్పటికీ చెప్తారు. కొంచెం ఎక్కువే చెప్తారనుకోండి.

నా ప్రశ్న ఇదే. ఆయన ఎగిరిన ఫోటో ఏది? పదేళ్లు ఆడాడు. కప్పుల ఫోటోలు నాలుగున్నాయి. ఒక్కదాంట్లోనూ బంతి గాల్లో లేదు. కుర్చీలో పెద్దాయన మాత్రం నాలుగింట్లోనూ ఉన్నాడు.

ఇది మా ఇంటి సంగతే అనుకున్నా మొదట్లో. తర్వాత ఆళ్లగడ్డలో, నంద్యాలలో తెలిసినవాళ్ల ఇళ్లలో పాత ఆల్బమ్‌లు చూశాను. కబడ్డీ, క్రికెట్, కుస్తీ, ఏదైనా అంతే. ఆట అయిపోయాక తీసిన ఫోటోలే ఉన్నాయి, ఆడుతుండగా తీసినవి లేవు. ఎందుకిలా? ఆ "ఎందుకు" వెనక ఒక చరిత్ర ఉంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ప్రపంచ కప్పుకే అలా జరిగింది

ముందు మీకందరికీ తెలిసిన ఒక సంగతి. 1983 జూన్ 18, ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్. జింబాబ్వే మీద మనవాళ్లు 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకున్నారు. ఆ ఆటలో కపిల్ దేవ్ 175 నాటౌట్ కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌కి వీడియో లేదు. ప్రపంచ కప్పు గెలిపించిన దారిలో అతిముఖ్యమైన ఆట, టీవీలో ఎవరూ చూడలేదు. "83" సినిమాలో మనం చూసింది మళ్లీ నటించి చూపించినదే.

కానీ ఫోటోలున్నాయి. ఆరోజు మైదానంలో కెమెరా పట్టుకున్నవాళ్లు ఉండబట్టి, కపిల్ బ్యాట్ ఎత్తిన క్షణాలు కొన్ని మిగిలాయి. చూడండి, ప్రపంచ కప్పు మ్యాచ్‌కే ఆ గతి పడితే, మా ఊరి బడి గ్రౌండులో జరిగిన ఫైనల్ సంగతి చెప్పేదేముంది?

గుర్రం, పులి, కెమెరా

కదిలేదాన్ని ఫోటో తీయడం ఎంత కష్టమో తెలియాలంటే 1878కి వెళ్లాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్, పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా తేల్చాలనుకున్నాడు. దానికి ఆయన 12 కెమెరాలు వరుసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం తగలగానే దారం తెగి కెమెరా క్లిక్‌మనేది. నాలుగు కాళ్లూ లేస్తాయని అలా తేలింది. ఒక గుర్రానికి పన్నెండు కెమెరాలు, ఒక ధనవంతుడి డబ్బు కావాల్సి వచ్చాయన్నమాట.

మన తెలుగు నేల మీద ఆ కాలంలో పెద్ద పేరు రాజా దీన్ దయాళ్. మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాముకు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. వాళ్ల స్టూడియో 1902లో తీసిన ఒక ఫోటో చాలా ప్రసిద్ధి. వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉంటారు, కాళ్ల దగ్గర చచ్చిన పులి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది.

ఆ ఫోటోను, మా చిన్నాయన టీమ్ ఫోటోను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లో ఉన్నది ఒకటే పద్ధతి. వేట అయిపోయింది. పెద్దమనిషి మధ్యలో ఉన్నాడు. గెలిచిన గుర్తు ముందు ఉంది, అక్కడ పులి, ఇక్కడ కప్పు. ఎదురుగా స్టాండు మీద బరువైన పెట్టె కెమెరా, లోపల గాజు పలక. దాంతో పొదల్లో దూకే పులిని పట్టడం అయ్యే పని కాదు. అందుకని అంతా ముగిశాక నిలబడి తీయించుకున్నారు. "కదలొద్దు" అనేది మర్యాద కోసం చెప్పిన మాట కాదు, కెమెరా పెట్టిన షరతు అది.

రీలు అంటే 12 ఫోటోలు

1900లో కొడాక్ కంపెనీ బ్రౌనీ అనే చిన్న పెట్టె కెమెరా తెచ్చింది. ధర ఒక్క డాలర్. అక్కడి నుంచి మామూలు మనుషుల చేతికి కెమెరా రావడం మొదలైంది. మన దేశంలో ఆ పాత్ర పోషించింది ఆగ్ఫా క్లిక్ త్రీ. మీ తాతల బీరువాలో ఒకటుండొచ్చు, వెతకండి. బరోడాలో తయారయ్యేది. ఫిల్మ్ కూడా మన దేశంలోనే తయారైంది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అని 1960లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ, "ఇందు" అనే పేరుతో అమ్మేది.

మీకు రీల్ అంటే ఇన్‌స్టాగ్రామ్. అప్పట్లో రీలు అంటే ఫిల్మ్ చుట్ట. క్లిక్ త్రీలో ఒక రీలుకు 12 ఫోటోలు. ఒకటి తీశాక చేత్తో తిప్పి, వెనక చిన్న ఎర్ర కిటికీలో తర్వాతి నంబరు వచ్చిందో లేదో చూసుకోవాలి. ఈ పని అయ్యేలోపు కూతకు వెళ్లినవాడు పాయింటు తెచ్చి, తొడ చరిచి, మళ్లీ నిలబడి ఉంటాడు.

ఇంకో చిక్కు షట్టర్ స్పీడు. ఇలాంటి కెమెరా షట్టర్ సుమారు సెకనులో 30వ వంతు సేపు తెరుచుకునేది. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. పరిగెత్తే మనిషి సెకనుకు 7 మీటర్లు పోతాడనుకోండి. సెకనులో 30వ వంతులో 23 సెంటీమీటర్లు జరుగుతాడు, అంటే జానెడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఆ కాస్తలో 90 సెంటీమీటర్లకు పైనే పోతుంది. ఫోటోలో బంతి ఉండదు, ఒక తెల్లగీత ఉంటుంది. అదే సెకనులో 1000వ వంతు అయితే, ఆ మనిషి జరిగేది 7 మిల్లీమీటర్లే. మీ ఫోన్ మంచి ఎండలో ఈ పని సులభంగా చేస్తుంది. అప్పటివాళ్ల దగ్గర అది లేదు.

ఇప్పుడు మీరే చెప్పండి. చేతిలో 12 ఫోటోలే ఉన్నాయి. కడిగించడానికి డబ్బు కావాలి, ప్రింటుకు వేరే డబ్బు. ఆట తీస్తే మసకగా వస్తుంది. కప్పుతో నిలబెట్టి తీస్తే ఖాయంగా వస్తుంది. మీరైతే ఏం తీస్తారు? వాళ్లూ అదే తీశారు. తప్పు పట్టడానికి లేదు.

ఎద్దులకు దక్కింది, మనుషులకు దక్కలేదు

మా వైపు ఒక ఆట మాత్రం ఆ కెమెరాకు కొంచెం చిక్కేది. బండలాగుడు. తిరునాళ్లకు, పండగలకు పెడతారు కదా, ఎద్దుల జత ఒక పెద్ద రాతి బండను లాగాలి, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత గెలుపు. పళ్లను బట్టి విభాగాలు కూడా ఉంటాయి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని.

ఈ ఆటలో ఒక విషయం గమనించండి. బండ కదలడానికి ముందు ఎద్దులు కాళ్లు నేలలో పాతి, మెడలు వంచి, ఒక్క క్షణం బిగబడతాయి. బలమంతా ఆ క్షణంలోనే ఉంది, కదలిక మాత్రం దాదాపు లేదు. నిదానమైన షట్టర్‌కి కూడా అది అందుతుంది. నేను చూసిన పాత ఆల్బమ్‌లలో ఆట మధ్యలో తీసిన ఫోటోలంటూ ఉన్నవి ఎద్దులవే. ఎద్దు పనిచేస్తుండగా తీసిన ఫోటో ఉంది. మా చిన్నాయన పనిచేస్తుండగా తీసిన ఫోటో లేదు. ఇది ఆయనకు చెప్తే, "ఎద్దు నాకంటే ఓపికగా నిలబడింది లేరా" అన్నాడు.

బస్సులో పోయిన ఫోటోలు

ఆ తర్వాత పేపర్లు వచ్చాయి. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. మండల స్థాయి టోర్నమెంట్‌కి కూడా పేపర్లో చోటు దొరికింది. చిన్న ఊళ్ల ఆటలకు అది నిజంగా గొప్ప మార్పు.

కానీ ఆ రోజుల్లో ఊళ్ల నుంచి వార్తలు, ఫోటోలు కవర్లో పెట్టి బస్సుకిచ్చి పంపేవాళ్లు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఇప్పుడు అది మనకు ఒక పాటల ప్లేలిస్ట్ అంత దూరం. అప్పుడు సాయంత్రం బస్సు తప్పితే వార్త రేపటికి పాతదైపోయేది. ఫైనల్ సాయంత్రం జరుగుతుంది. ప్రారంభోత్సవం పొద్దున జరుగుతుంది. అప్పుడు పేపరుకు అందేది ఏ ఫోటో? ముఖ్య అతిథి ఆటగాళ్లతో చేయి కలిపే ఫోటోనే.

నెక్కొండ పులి దగ్గర కెమెరా పెట్టిన షరతు, ఊరి బడి గ్రౌండులో బీద రీలు పెట్టిన షరతు, బస్సు టైము పెట్టిన షరతు, అన్నీ కలిసి చివరికి ఒక అలవాటు అయ్యాయి. ఆట ఫోటో అంటే పెద్దమనుషుల ఫోటో. కెమెరా మారింది, అలవాటు మారలేదు. నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే.

నేనూ ఏమీ తక్కువ కాదు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక మామూలు కెమెరా, దానితో వచ్చిన చిన్న లెన్సు, ఇంకా నా ఫోన్. పెద్ద తెల్ల లెన్సులు నా దగ్గర లేవు. కొన్నేళ్ల కిందట నంద్యాలలో అమ్మాయిల కబడ్డీ పోటీలకు ఫోటోలు తీయడానికి వెళ్లాను. రోజంతా తీసినవి 212. వాటిలో 131 వేదికవి. దండలు, శాలువాలు, మైకు, రిబ్బను. ఎవరూ నన్ను అలా తీయమని చెప్పలేదు. వేదిక మీద సందడి మొదలవగానే నా కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

వేదిక ఫోటోలు నిర్వాహకులకు ఆ సాయంత్రమే ఫోన్‌లో పంపేశాను. ఆట ఫోటోలు తీరిగ్గా చూద్దామని కార్డులోనే ఉంచాను. రెండు రోజుల తర్వాత ఇంకో పనికి వెళ్తూ, చూసుకోకుండా కార్డు ఫార్మాట్ చేసేశాను. అంతా పోయింది.

వారం తర్వాత ఆ టీమ్‌లో ఆడిన ఒకమ్మాయి నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. "అన్నా, నేను కూతకు పోయింది ఒక్క ఫోటో ఉన్నా పంపరా. మా నాయన బెంగళూరులో పనికి పోయినాడు, నా ఆట ఎప్పుడూ చూళ్లేదు." నా దగ్గర ఆ అమ్మాయి ఫోటో ఒకటుంది. వేదిక మీద అతిథి వెనక, వరుసలో నాలుగో మనిషి. సగం ముఖమే కనిపిస్తుంది. అది పంపడానికి కూడా సిగ్గేసింది.

1987లో మా ఊళ్లో 12 ఫోటోల రీలు ఉంది కాబట్టి అలా జరిగింది. నా కార్డులో రెండు వేలు పడతాయి. నేను ఏ సాకు చెప్పాలి?

మామూలు కెమెరాతోనే సాధ్యం

ఆ రోజు నుంచి మారాను. మీరూ మీ ఊరి మ్యాచ్‌కి వెళ్తే పనికొచ్చే నాలుగు మాటలు చెప్తాను. ఇవన్నీ పాత కెమెరావాళ్ల ఇబ్బందుల నుంచి నేర్చుకున్నవే.

మొదటిది, దగ్గరికి వెళ్లండి. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లే. అంచున కూర్చుంటే జూమ్ అక్కర్లేదు. ఫోన్‌లో వేళ్లతో జూమ్ చేస్తే ఫోటో పాడవుతుంది. నిలబడొద్దు, కూర్చోండి. కింద నుంచి తీస్తే ఆటగాడి ముఖం కనిపిస్తుంది, వెనక చెత్త తగ్గుతుంది.

రెండోది, బంతి వెంట పడొద్దు, చోటు పట్టుకోండి. కబడ్డీలో కూత 30 సెకన్లు. వెళ్లినవాడు ఎటు తిరిగినా చివరికి నడిగీత దగ్గరికే రావాలి. కాబట్టి ఆ గీత మీద ముందే ఫోకస్ పెట్టుకుని ఆగండి. పట్టు పడేదీ, తప్పించుకునేదీ అక్కడే తేలుతుంది. వాలీబాల్‌లో అయితే నెట్ పైఅంచు.

మూడోది, పైకి ఎగిరినవాడు కిందికి దిగే ముందు గాల్లో ఒక్క క్షణం ఆగినట్టు ఉంటాడు. ఆ క్షణంలో వేగం దాదాపు సున్నా. నిదానమైన కెమెరాతో కూడా అప్పుడు తీయొచ్చు. ఫోన్‌లో బరస్ట్ ఉంటే నొక్కి పట్టుకోండి. లేకపోతే, కొట్టాక కాదు, కొట్టబోయే ముందు నొక్కండి. వేలు కదిలేసరికి క్షణం దాటిపోతుంది.

నాలుగోది, ఎండ. మన నంద్యాల మధ్యాహ్నం ఎండలో ముఖాల మీద నల్ల నీడలు పడతాయి. పొద్దున, సాయంత్రం మ్యాచ్‌లలో సూర్యుణ్ణి మీ వీపు వెనక పెట్టుకోండి. నాలుగు గంటల తర్వాత కోర్టులో లేచే దుమ్ము కూడా అందంగా కనిపిస్తుంది.

వేదిక ఫోటోలు మానేయమని చెప్పడం లేదు. అవి కూడా చరిత్రే. ఒక పది తీయండి చాలు. మిగతావి ఆటకు ఇవ్వండి.

ఇక దాచుకోవడం. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు తీశారన్న సమాచారం కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో ఊరు, తేదీ, ఆట రాయండి. ఆటగాళ్ల పేర్లు ఆరోజే అడిగి నోట్ చేసుకోండి. మా 1987 ఫోటోలో ఎనిమిది మందిలో ఒకరు ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. కుర్చీలో పెద్దాయన పేరు మాత్రం అందరికీ తెలుసు.

తొమ్మిదో ఫోటో

చివరిగా ఒక సంగతి చెప్పి ముగిస్తా. ఆ 1987 ఫోటో తీసింది మా ఊరి బడిలో పనిచేసిన ఒక సారు. క్లిక్ త్రీ ఆయనదే. సారు లేరు. పోయినేడు వాళ్లింట్లో అడిగితే ఒక పాత కవరు ఇచ్చారు. అందులో నెగటివ్‌లు. పన్నెండు ఫోటోల రీలు. ప్రింటు వేయించింది కప్పు ఫోటో ఒక్కటే.

వాటిని చూడటానికి పెద్ద మిషన్ అక్కర్లేదు. ఒక ఫోన్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, కాస్త ఎత్తులో నెగటివ్ పట్టుకుని, ఇంకో ఫోన్‌తో ఫోటో తీశాను. తర్వాత రంగులు తిరగేశాను. ఎనిమిదింటిలో మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. తొమ్మిదోది తెరిచి అలాగే ఉండిపోయాను.

నెట్ ఉంది. స్పష్టంగా ఉంది. నెట్‌కి అవతల ఒక మనిషి గాల్లో ఉన్నాడు. ముఖం మసక. కుడిచేయి ముందుకు చాపి ఉంది. ఎడమచేయి మాత్రం లేదు, దాని చోట ఒక తెల్లటి పొగలాంటి చార.

మా చిన్నాయన ఎడమచేతి వాటం. గుండె ఝల్లుమంది. కానీ నెగటివ్‌ను తిరగేసి పట్టుకుంటే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. నేను తప్పు వైపు నుంచి తీశానేమో? అప్పుడు వెనక బడిగోడ చూశాను. గోడ మీద రాసిన అక్షరాలు తిన్నగా చదవడానికి వస్తున్నాయి. అంటే వైపు సరైనదే. కొట్టింది ఎడమచేయే. ఆ టీమ్‌లో ఎడమచేత్తో స్మాష్ కొట్టేది ఒక్కడే.

సారు ప్రయత్నించాడన్నమాట. పన్నెండింటిలో ఒకటి ఆట కోసం ఖర్చు పెట్టాడు. మసకగా వచ్చిందని ప్రింటు వేయించలేదు. చెయ్యి కనపడకపోవడం ఆయన తప్పు కాదు, సెకనులో 30వ వంతులో ఆ చెయ్యి అడుగు దూరం పోయింది, అంతే.

ప్రింటు వేయించి చిన్నాయనకు ఇచ్చాను. ఇప్పుడు ఆయనకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కడమే కష్టం. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ముఖం వైపు కాదు, కాళ్ల వైపు చూశాడు. నేలకు, కాళ్లకు మధ్య ఉన్న ఖాళీ మీద వేలు పెట్టాడు.

"ఇంత ఎగిరినానా రా నేను?" అన్నాడు.

ఊరంతా ఎన్నిసార్లు చెప్పినా ఆయనకే నమ్మకం లేదు. ఇప్పుడు కలిగింది.

ఆ కబడ్డీ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేశాను. తర్వాతి పోటీకి వెళ్లి నడిగీత దగ్గర కూర్చున్నాను. ఫోటో వచ్చింది, వాళ్ల నాయనకు అందింది. మీ ఊళ్లోనూ ఈ ఆదివారం ఏదో ఒక మ్యాచ్ ఉంటుంది. ఫోన్ మీ జేబులోనే ఉంది. కుర్చీల వైపు కాకుండా, గీత దగ్గరికి వెళ్లి కూర్చోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.